పందెం లెక్కలో మనం చూడని భాగం

సంపాదకుల వారికి నమస్కారం.

నేను జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా గణితం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈమధ్య నా పాత విద్యార్థి ఒకతను ఇంటికి వచ్చి, అట్ట చిరిగిన చేతి పుస్తకం ఒకటి నా ముందు పెట్టాడు. గోవాలో మాండవి నది మీద నిలిపి ఉంచే క్యాసినో పడవల్లో ఒకదానిలో, రౌలెట్ (ఎరుపు, నలుపు అంకెల గళ్లున్న చక్రాన్ని తిప్పి, గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట) బల్ల దగ్గర కూర్చుని రెండేళ్లుగా రాసుకున్న అంకెలు అందులో ఉన్నాయి. ఎరుపు పడితే ఎర్ర సిరాతో, నలుపు పడితే నల్ల సిరాతో ఎంతో శ్రద్ధగా రాశాడు. "మాస్టారూ, ఇందులో ఏదో వరస ఉంది, మీరు చూస్తే పట్టుకుంటారు" అన్నాడు. అప్పటికే తండ్రి ఇచ్చిన పొలం అమ్మేశాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో సంభావ్యత అధ్యాయంలో ఒక్క మార్కు కూడా పోనివ్వని పిల్లవాడతను. ఆ రోజు నాకు కలిగిన బాధలో, ఇన్నేళ్లూ నేను ఏం బోధించానన్న అనుమానం కూడా కలిసి ఉన్నందున ఈ ఉత్తరం రాస్తున్నాను.

అతని నమ్మకం చాలామందికి ఉన్నదే. వరుసగా ఎనిమిదిసార్లు నలుపు పడింది కాబట్టి ఇక ఎరుపు రాక తప్పదని అనుకుంటారు. 1913 ఆగస్టు 18న ఐరోపాలోని మాంటెకార్లో క్యాసినోలో ఒక రౌలెట్ బల్ల మీద వరుసగా 26 సార్లు నలుపే పడింది. పడిన కొద్దీ జనం ఎరుపు మీద డబ్బు పెంచుకుంటూ పోయి దారుణంగా నష్టపోయారు. కిందటిసారి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే శక్తి ఆ గోళీకి లేదు; ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచే. ఇప్పుడు చాలా రౌలెట్ బల్లల పక్కన అంతకుముందు పడిన అంకెలను చూపించే వెలుగుల పలక ఒకటి ఉంటుంది. ఆ అంకెలను బట్టి రాబోయే అంకె తెలిసేదే అయితే, క్యాసినో యజమాని దాన్ని సొంత ఖర్చుతో మన కళ్లెదుట ఎందుకు పెడతాడని నా విద్యార్థిని అడిగాను. అతను చాలాసేపు మాట్లాడలేదు.

"పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఎప్పుడో ఒకసారి గెలుస్తాం, అప్పుడు పోయినదంతా తిరిగి వస్తుంది" అనేది రెండో నమ్మకం. వంద రూపాయలతో మొదలుపెట్టి వరుసగా పదిసార్లు పోగొట్టుకుంటే పోయిన మొత్తం 1,02,300 రూపాయలు. పదకొండోసారి 1,02,400 పెట్టాలి, అదీ కేవలం వంద రూపాయల లాభం కోసం. చాలా బల్లల మీద అంత పందెం ఒప్పుకోరు కూడా. ఒకే సున్నా ఉన్న రౌలెట్‌లో ఎరుపు మీద కాస్తూ ఇలా పదిసార్లు వరుసగా పోయే అవకాశం (సున్నా పడితే ఎరుపు, నలుపు రెండు పందేలూ పోతాయి) సుమారు 784 లో ఒకటి. తక్కిన 783 సార్లు వందేసి చొప్పున వచ్చే 78,300 రూపాయలను ఆ ఒక్కసారి మింగేసి, పైన ఇంకో 24,000 పట్టుకుపోతుంది. రోజూ గెలుస్తున్నానని చెప్పుకునేవారు అబద్ధం చెబుతున్నారని నేననను, వారికి ఆ ఒక్కరోజు ఇంకా రాలేదు.

క్యాసినోవాళ్లు మోసం చేస్తారు కాబట్టి పోతోందనుకునేవారు మరికొందరు. ఈ అపోహ ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే నిజాయితీగా ఆడించే చోటు దొరికితే గెలవవచ్చన్న ఆశ దీని వెనుక ఉంటుంది. ఒకే సున్నా ఉన్న రౌలెట్ చక్రంలో 37 గళ్లు ఉంటాయి. ఒక అంకె మీద రూపాయి పెట్టి గెలిస్తే, పెట్టిన రూపాయితో కలిపి 36 రూపాయలు చేతికొస్తాయి. అంటే 37 అంకెల మీదా రూపాయి చొప్పున పెట్టినవాడు, ఏ మోసమూ లేకుండానే, ప్రతిసారీ ఒక రూపాయి వదులుకుంటాడు. శాతంలో చెబితే 2.7. "అంతేనా" అనిపించడం సహజం, అయితే ఆ శాతం మనం జేబులో తీసుకెళ్లిన సొమ్ము మీద కాదు, పెట్టిన ప్రతి పందెం మీదా పడుతుంది. పదివేలతో వెళ్లి, వచ్చింది వచ్చినట్టు మళ్లీ పెడుతూ ఐదు వందల చొప్పున రెండు వందల పందేలు కాస్తే మొత్తం లక్ష రూపాయలు బల్ల మీద తిరిగినట్టు. సగటున అందులో 2,700 పోతాయి, అంటే తెచ్చుకున్నదానిలో పావు వంతుకు పైగా. గెలిచినదానిపై 30 శాతం ఆదాయపు పన్ను ఉంది, పోగొట్టుకున్నదాన్ని అందులోంచి మినహాయించుకునే వీలూ లేదు.

గోవా దాకా వెళ్లనక్కర్లేదు. మన జాతరల్లో ఆరు గళ్ల గుడ్డ పరిచి, మూడు పాచికలు డబ్బాలో గిలకరించి వేసే ఆట చాలామంది చూసే ఉంటారు. మనం కాసిన గడి గుర్తు ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీదా పడితే మూడు లాభం. ఆరు గళ్లకు మూడు పాచికలు ఉన్నాయి కాబట్టి గెలుపు సగానికి సగమని, రెండు మూడు పాచికలు కలిసొస్తే అదంతా అదనమని చదువుకున్నవాళ్లు కూడా అంటారు. నిజానికి మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. వాటిలో 125 సార్లు మన గడి అసలు పడదు. 75 సార్లు ఒక పాచిక మీద, 15 సార్లు రెండింటి మీద, ఒకే ఒక్కసారి మూడింటి మీద పడుతుంది. రూపాయి చొప్పున కాస్తే వచ్చేది 75, 30, 3 కలిపి 108 రూపాయలు, పోయేది 125. అంటే 216 ఆటలకు 17 రూపాయలు, దాదాపు ఎనిమిది శాతం. రౌలెట్ తీసుకునేదానికి ఇది దాదాపు మూడు రెట్లు. పండుగ సరదాగా పిల్లల చేతికి పది రూపాయలిచ్చి ఆడించే తల్లిదండ్రులను చూసినప్పుడు, ఈ లెక్క వారికి ఎవరూ చెప్పలేదే అని మనసుకు కష్టమనిపిస్తుంది.

లోనా బయట ఆటలోనూ ఇంతే. ముందు ఒక ముక్క తెరిచి, తర్వాత లోపలి వైపు, బయటి వైపు మార్చి మార్చి ముక్కలు వేస్తూ, దానికి జత ఏ వైపు పడుతుందో పందెం కాసే పేకాట ఇది. ముక్క మొదట పడే వైపు గెలిచే అవకాశం 51.5 శాతం ఉంటుంది కాబట్టి, ఆ వైపు గెలిస్తే వందకు తొంభై మాత్రమే ఇచ్చే పద్ధతి క్యాసినోల్లో ఉంది. దాంతో రెండు వైపులా నష్టమే మిగులుతుంది.

ఇక రమ్మీ. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానికి సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటగా పరిగణించిన మాట వాస్తవం. అయితే ఆ ఆట ఆడించడం నేరమా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. నేర్పు ఉన్నవాడికి దాని మీద సంసారం గడుస్తుందని ఏ న్యాయస్థానమూ చెప్పలేదు. ఉదాహరణకు సమానమైన నేర్పున్న ఆరుగురు తలో వెయ్యి తెచ్చుకుని, ఆటకు వంద చొప్పున కడుతున్నారని, ఆడించేవాడు ప్రతి ఆటలో పదో వంతు కమీషన్ తీసుకుంటున్నాడని అనుకుందాం. ఆటకు అరవై చొప్పున తొంభై ఆటలయ్యేసరికి ఆరుగురు తెచ్చిన ఆరువేలలో 5,400 ఆడించినవాడి పెట్టెలోనే ఉంటాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కానీ నమ్మకం మారనివాడు ఫోన్‌లో ఆట పోతే పడవ ఎక్కుతాడు.

ఇంటర్ పుస్తకంలో నాణేలు, పాచికలు, పేకముక్కలు అన్నీ ఉన్నాయి. గెలిచే అవకాశం ఎంతో కట్టమని పిల్లలను అడుగుతాం. గెలిస్తే ఎంత ఇస్తారో, ఓడితే ఎంత పోతుందో కూడా పక్కన వేసి చివరికి మిగిలేదెంతో కట్టించే లెక్కలు నేను చాలా తక్కువగా చేయించాను. నా విద్యార్థికి స్వతంత్ర ఘటనల (ఒకదాని ఫలితం మరోదాని అవకాశాన్ని మార్చని ఘటనల) నిర్వచనం ఇప్పటికీ కంఠతా వచ్చు.

మీ పత్రికలో పేకాట స్థావరాలపై దాడుల వార్తలు, పట్టుబడిన సొమ్ము వివరాలు తరచూ చదువుతుంటాను. వాటితోపాటు, ఈ వ్యసనంతో నలుగుతున్న కుటుంబాలు మానసిక ఆరోగ్య సహాయం అందించే 14416 టెలిమానస్ నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చన్న ఒక్క వాక్యం ప్రతిసారీ అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే సంక్రాంతి వారంలో మీ విద్యార్థుల పేజీలో, పైన చెప్పిన మూడు పాచికల లెక్కను 216 గళ్ల పట్టికగా ప్రచురించండి. ఆ పట్టిక నా చేతిరాతతో సిద్ధంగా ఉంది, మీరు కబురు చేస్తే పంపుతాను.

భవదీయుడు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
భీమవరం.