బెడ్డింగ్ కిట్‌లో మార్పులు: ఏం తీసేశాం, ఏం చేర్చాం, ఎవరికి అక్కర్లేదు

బెడ్డింగ్ అంటే రైఫిల్ యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) స్టాక్‌లో, అంటే చెక్క లేదా ప్లాస్టిక్ పిడిలో, కదలకుండా కూర్చునేలా రెంటి మధ్య ఎపాక్సీ పరచడం. ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే పదార్థం. ఇకమీదట మా రైఫిల్ స్టాక్ బెడ్డింగ్ కిట్‌లో ఐదు నిమిషాల ఎపాక్సీ ట్యూబులు రావు. ఎపాక్సీ లోహానికి అంటుకోకుండా కొట్టే రిలీజ్ స్ప్రే కూడా తీసేశాం. దాని స్థానంలో పేస్ట్ మైనం డబ్బా పెట్టాం. మోడలింగ్ క్లే ముద్ద పెద్దదైంది, యాక్షన్‌ను నేరుగా దించడానికి తల లేని గైడ్ స్క్రూలు రెండు చేరాయి. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ‘ఏ ఎపాక్సీ మంచిది?’ అనే. కానీ పాడైన స్టాకుల ఫోటోల్లో ఎపాక్సీ తప్పు అరుదుగా కనిపిస్తుంది. మైనం అందని మూల, క్లే నింపని రంధ్రం, టేపు లేని లగ్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కు ఆనించే యాక్షన్ కింది లోహపు దిమ్మ), ఇవే ఎక్కువ. అందుకే కిట్‌లో బరువు అటు మార్చాం.

ముందు అసలు మీకు బెడ్డింగ్ అవసరమో లేదో చూసుకోండి. చాంబర్‌లో, మ్యాగజైన్‌లో తూటా లేదని చూసి బోల్ట్ తీసేయండి. రైఫిల్‌ను నిలబెట్టి, స్టాక్ ముందు కొన దగ్గర బ్యారెల్‌కీ స్టాక్‌కీ కలిపి వేలు ఆనించి, ముందు యాక్షన్ స్క్రూను వదులు చేసి మళ్లీ బిగించండి. తర్వాత వెనక స్క్రూతో అలాగే. వేలికి కదలిక తెలుస్తుంటే యాక్షన్ స్టాక్‌లో వంగి కూర్చుంటోందన్నమాట. డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను కొలిచే ముల్లు మీటరు) ఉంటే ఇంకా మంచిది: ముల్లు 0.05 మిల్లీమీటర్లు దాటి కదిలితే బెడ్డింగ్‌తో ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. దాదాపు కదలకపోతే మా కిట్ కొనకండి. ముందు స్కోప్ మౌంట్ స్క్రూలు, బ్యారెల్ మూతి అంచు చూడండి, వేరే రకం తూటాలతో కాల్చి చూడండి.

ఇక పదార్థం. చిక్కటి ఎపాక్సీల్లో స్టీల్ పొడి కలిసిన డెవ్‌కాన్ ప్లాస్టిక్ స్టీల్ పుట్టీ, మెరైన్-టెక్స్ రెండూ బాగా నిలబడతాయి. పెట్టినచోట నుంచి జారవు, ఆరేటప్పుడు కుదించుకోవడం బహు తక్కువ. అక్రాగ్లాస్ జెల్ కొలతకు సులువు, రెండు భాగాలూ సమానంగా కలిపితే చాలు. అక్రాగ్లాస్ ద్రవరూపం మాత్రం 4 భాగాల రెసిన్‌కు 1 భాగం హార్డెనర్. అది సన్నని సందుల్లోకి చక్కగా దిగుతుంది, అదే దాని ఇబ్బంది కూడా: ట్రిగ్గర్ గుంటలోకీ స్క్రూ రంధ్రంలోకీ అంతే చక్కగా దిగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు జెల్ గానీ పుట్టీ గానీ తీసుకోండి. మామూలు జేబీ వెల్డ్ గట్టిదే, కానీ మందంగా వేస్తే మెల్లగా జారుతుంది. లగ్ వెనక చిన్న ఖాళీ నింపడానికి సరిపోతుంది, మొత్తం యాక్షన్‌కు మేం చెప్పం.

ఐదు నిమిషాల ఎపాక్సీ ఎందుకు వద్దంటే, పరచడానికీ యాక్షన్ దించడానికీ బ్యారెల్ మధ్యకు సర్దడానికీ కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు కావాలి. సగం గట్టిపడ్డ ముద్దలోకి యాక్షన్‌ను నొక్కితే అది ఎత్తుగా, వంకరగా కూర్చుంటుంది. పైగా ఈ ఎపాక్సీ వేడికి త్వరగా మెత్తబడుతుంది. కారు డెంట్లకు వాడే పాలియెస్టర్ పుట్టీ ఇంకా దండగ. కుదించుకుపోతుంది, పెళుసు, లగ్ వెనక కొన్ని దెబ్బలకే పగుళ్లిస్తుంది.

ఎంత కావాలి? సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం అనుకుంటే 16 మిల్లీలీటర్లు. లగ్ గుంట, అంచుల్లోంచి పొంగేది కలిపి 35 దాకా పెట్టుకోండి. స్టీల్ పుట్టీ బరువైనది కాబట్టి అది దాదాపు 80 నుంచి 90 గ్రాములు. డెవ్‌కాన్ స్టీల్ పుట్టీ నిష్పత్తి బరువులో 9కి 1. అంటే 81 గ్రాముల రెసిన్‌కు 9 గ్రాముల హార్డెనర్. ఇక్కడ తూకం ఒక్క గ్రాము తప్పినా హార్డెనర్ పదకొండు శాతం తప్పినట్టే. వంటింటి తూకం పనికిరాదు, 0.1 గ్రాము చూపించే తూకం వాడండి. అదే పుట్టీని పరిమాణంతో కొలిస్తే నిష్పత్తి 2.5కి 1 అవుతుంది. ఈ రెండు అంకెలనూ తారుమారు చేస్తే ముద్ద ఎప్పటికీ సరిగ్గా ఆరదు. డబ్బా అడుగున పొడి పేరుకుంటుంది, తూచే ముందు అడుగు నుంచి కలపండి. కలిపిన ముద్దను కప్పులో ఉంచకుండా పలక మీద పలచగా పరవండి. గుట్టగా ఉంటే దాని వేడికి అదే త్వరగా గట్టిపడుతుంది.

చెక్క స్టాక్ అయితే పాత ఉపరితలం 2 మిల్లీమీటర్ల లోతున తీసేయండి. అంతకంటే పలచటి పూత రేకులా లేచిపోతుంది. మొత్తం తీసేయొద్దు. పిల్లర్లు (స్టాక్ స్క్రూ రంధ్రాల్లో ఉండే లోహపు గొట్టాలు) లేకపోతే ముందూ వెనకా చిన్న పాత చెక్క మచ్చలు వదలండి, యాక్షన్ ఎత్తు వాటి మీదే నిలుస్తుంది. నూనె పీల్చిన పాత చెక్కను గుడ్డకు మరక అంటనంతవరకు ఎసిటోన్‌తో తుడవాలి. ఫైబర్‌గ్లాస్ స్టాక్‌కు 80 నంబరు గరుకు కాగితం, తర్వాత ఎసిటోన్ చాలు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ స్టాక్‌తోనే చిక్కు. నైలాన్‌కు ఎపాక్సీ అంతంతమాత్రంగా అంటుతుంది, పాలీప్రొపిలీన్‌కు దాదాపు అంటదు. అక్కడ అతుకు మీద ఆశ పెట్టుకోకుండా, 3 మిల్లీమీటర్ల రంధ్రాలు అటూ ఇటూ వాలుగా వేసి ఎపాక్సీ వాటిలో చిక్కుకునేలా చేయండి.

స్ప్రే తీసేయడానికి కారణం చాలామంది అడిగారు. తుంపర ఎగిరి స్టాక్ లోపల పడుతుంది, అంటుకోవాల్సినచోట అంటుకోదు. సిలికాన్ ఉన్న స్ప్రే అయితే ఎసిటోన్‌తో తుడిచినా పూర్తిగా పోదు. మైనం చేత్తో రాసేది కాబట్టి ఎక్కడ రాశామో తెలుస్తుంది. యాక్షన్ అంతా, లగ్ అన్ని ముఖాలూ, బ్యారెల్ మొదటి కొన్ని సెంటీమీటర్లు, గైడ్ స్క్రూలు, వాటి మరలతో సహా రాయండి. పది నిమిషాలు ఆరనిచ్చి మెరుగుపెట్టి, రెండో పూత. స్టాక్‌కు దూరంగా రాయండి, తర్వాత చేతి తొడుగులు మార్చండి.

మైనం అంటుకోకుండా ఆపుతుంది, అంతే. లోపల గొళ్లెం వేసుకుపోయిన ఎపాక్సీని అది వదిలించలేదు. ట్రిగ్గర్ విప్పి తీసేసి, ఆ గుంట, పిన్ను రంధ్రాలు, బోల్ట్ స్టాప్ చీలిక, మ్యాగజైన్ ఖాళీ, గ్యాస్ రంధ్రం, అన్నీ క్లేతో సమంగా నింపండి, ఉబ్బెత్తుగా వద్దు. గుండ్రటి యాక్షన్ అయితే పక్కల సగం ఎత్తు దగ్గర గీత గీసి దానిపైన టేపు వేయండి. ఎపాక్సీ ఆ గీత దాటి చుట్టుకుంటే యాక్షన్ పైకి రాదు.

రికాయిల్ లగ్ ముందు ముఖానికీ, రెండు పక్కలకూ, అడుగుకూ ఎలక్ట్రికల్ టేపు రెండు పొరలు. టేపు మీద కూడా మైనం రాయండి. వెనక ముఖానికి టేపు వద్దు, వెనక్కి తన్నే బలం అక్కడే ఆనాలి. స్టాక్ ముందు కొన దగ్గర బ్యారెల్ మధ్యలో ఉండేలా దానికి తగినన్ని పొరల టేపు చుట్టండి. యాక్షన్ దించాక స్క్రూలు బిగించొద్దు, బిగించిన వంపు అలాగే అచ్చుపడిపోతుంది. గైడ్ స్క్రూలు దారి చూపడానికే. రబ్బరు గొట్టం రెండు మూడు చుట్లు చుడితే పట్టు సరిపోతుంది.

పొంగిన ఎపాక్సీని వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో వెంటనే తుడవండి. 20 నుంచి 25 డిగ్రీల దగ్గర 24 గంటలు కదపొద్దు. 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది, గది వెచ్చబెట్టండి. విడదీసేటప్పుడు ముందు గైడ్ స్క్రూలు తీసి, బ్యారెల్ పట్టుకుని నేరుగా పైకి లేపండి. రాకపోతే సుత్తి అందుకోవద్దు. కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, బ్యారెల్‌ను రబ్బరు మ్యాలెట్‌తో తట్టండి. గుండుసూది తలంత గాలి గుంటలను వదిలేయండి. లగ్ వెనక ముఖంలో గుంట ఉంటే మాత్రం గరుకు చేసి మళ్లీ నింపాలి.

అన్నీ బిగించాక, ఖాళీ రైఫిల్‌తో సేఫ్టీ, ట్రిగ్గర్, బోల్ట్ స్టాప్ వేటికైనా ఎపాక్సీ అంచు తగులుతోందేమో చూడండి. తగిలితే గీకకుండా కాల్చొద్దు. ఇంకో మాట, హార్డెనర్ చర్మానికి పడకపోతే ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. నైట్రైల్ తొడుగులు కిట్‌లో రెండు జతలు పెట్టాం, వాడండి.

మూత తెరిచిన డబ్బాలు వెనక్కి తీసుకోలేం. రెసిన్‌లో పలుకులు కనిపిస్తే అది పాడైనట్టు కాదు, చలికి గడ్డకట్టింది. మూత బిగించి 50 డిగ్రీల నీళ్లలో పెడితే కరుగుతుంది, గది వేడికి దిగాక వాడండి. ఆర్డర్‌తో పాటు స్టాక్ దేనితో చేసిందో, యాక్షన్ అడుగు గుండ్రమో చదునో, గైడ్ స్క్రూల మర కొలతెంతో రాయండి. ప్లాస్టిక్ స్టాక్ రకం తెలియకపోతే లోపలి భాగం ఫోటో పంపండి, చూశాకే పార్సిల్ కడతాం.