సంఘం ఖాతాలో డబ్బుంది, తీసే సంతకమే లేదు: రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖామాత్యుల వారికి,

నమస్కారములు. కులంతోనూ పార్టీతోనూ నిమిత్తం లేకుండా ఊళ్లోని 180 కుటుంబాలు సభ్యులుగా, సొసైటీల చట్టం కింద రిజిస్టరై నడుస్తున్న ఒక గ్రామ పరస్పర సహాయ సంఘానికి కార్యదర్శిగా ఈ లేఖ రాస్తున్నాను. మేము చేసే పనులు పత్రికలకెక్కేవి కావు. సభ్యుల ఇంట ఎవరైనా కాలం చేస్తే మట్టి ఖర్చులకు ఆ పూటే డబ్బు అందిస్తాము. శుభకార్యాలకు షామియానా, కుర్చీలు, వంట పాత్రలు నామమాత్రపు అద్దెకు ఇస్తాము. ఏటా ఒక రక్తదాన శిబిరం, బడులు తెరిచే ముందు పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ కూడా ఉంటాయి. అన్నిటికంటే ఊరు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఫ్రీజర్ బాక్సును. గల్ఫ్ నుంచి కొడుకు వచ్చేదాకా తండ్రి భౌతికకాయాన్ని ఉంచాలంటే పట్నం నుంచి పెట్టె తెప్పించుకునే స్తోమత అందరికీ ఉండదు కనుక, అర్ధరాత్రి తలుపు తట్టినా తాళం తీసి ఇచ్చేలా మా సభ్యుల్లోనే ఒకరికి ఆ బాధ్యత అప్పగించాము.

గత వేసవిలో ఆ పెట్టె కంప్రెసర్ కాలిపోయింది. అది చివరిసారి పనిచేసింది మా కోశాధికారి గారి కోసమే. ఖాతాలోంచి డబ్బు తీయాలంటే అధ్యక్షుడూ కోశాధికారీ ఇద్దరూ సంతకం చేయాలి. అందుచేత పెద్దకర్మ అయిన మరుసటి ఆదివారమే సర్వసభ్య సమావేశం పెట్టి కొత్త కోశాధికారిని ఎన్నుకున్నాము, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశాము, హాజరైనవారందరి చేతా సంతకాలు, సంతకం చేయడం రానివారి చేత వేలిముద్రలు వేయించాము. ఆ పుస్తకం పట్టుకుని బ్యాంకుకు వెళితే, తీర్మానం చాలదనీ, రిజిస్ట్రారు ధ్రువీకరించిన పాలకవర్గం జాబితా కావాలనీ అన్నారు. జిల్లా కేంద్రానికి వెళితే, మా సంఘం నాలుగేళ్లుగా వార్షిక జాబితా దాఖలు చేయలేదనీ, ఆ నాలుగేళ్లవీ అప్పటి పాలకవర్గ సభ్యుల సంతకాలతో ఇస్తే తప్ప ఈ ఏటిది తీసుకోలేమనీ చెప్పారు. ఆ సభ్యుల్లో ఇద్దరు చనిపోయారు, ఒకరు కూతురి దగ్గరకు వలస వెళ్లిపోయారు. ఉన్నవారితో ఇప్పటికి మూడుసార్లు ఆ కార్యాలయం మెట్లెక్కాము. వెళ్లిన ప్రతిసారీ మాలో ఇద్దరికి ఆ రోజు కూలి పోయింది.

జాబితాలు దాఖలు చేయకపోవడం మా తప్పే, దాన్ని దాచుకోను. కోశాధికారి గారు జమాఖర్చులు పైసాతో సహా రాశారు, రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు సైతం కట్టలు కట్టి భద్రపరిచారు. అయితే జిల్లా కేంద్రానికి పంపవలసిన కాగితం ఒకటుందన్న సంగతి ఆయనకు గానీ నాకు గానీ తట్టలేదు. తట్టిన సంఘాలు మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ నిబంధన ఇప్పటిది కాదు. సర్వసభ్య సమావేశం జరిగిన 14వ రోజులోగా పాలకవర్గం పేర్లు రిజిస్ట్రారుకు అందజేయాలని 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 4వ సెక్షనే చెప్పింది. కోస్తా, రాయలసీమల్లో ఆ చట్టం, తెలంగాణలో నిజాం కాలపు ఫసలీ లెక్క ప్రకారం 1350వ ఏటి చట్టం నడుస్తుండగా, రెండింటి స్థానంలో ఉమ్మడి రాష్ట్రం 2001లో 35వ నంబరు చట్టాన్ని తెచ్చింది. ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చునని చెప్పిన ఆ చట్టం ముందు పదేసి కళాశాలలు నడిపే విద్యాసంస్థా, ఫ్రీజర్ బాక్సు నడిపే మేమూ ఒకటే. వారికి జీతం తీసుకునే మేనేజరు, ఆడిటరు ఉంటారు. మాకు ఉన్నది పొలం పని ముగించుకుని రాత్రిపూట లెక్కలు రాసే మనుషులు.

చిన్నవాటిని చిన్నవాటిగా చూడడం అసాధ్యమేమీ కాదు. ఆదాయపు పన్ను విషయంలో కేంద్రమే 2025 ఆర్థిక చట్టం ద్వారా, వార్షికాదాయం 5 కోట్ల రూపాయలు మించని ధార్మిక సంస్థల రిజిస్ట్రేషన్ గడువును 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచింది. సభ్యుల సంఘాన్ని సభ్యులే నడుపుకోగలరన్న నమ్మకం మన రాష్ట్రానికీ కొత్త కాదు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సహకార సంఘాలు పనిచేసేందుకు దేశంలో మొదటగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది మనమే.

బోగస్ సంఘాలున్నాయనీ, ఒకే సంఘానికి ఇద్దరు అధ్యక్షులమని తగవులాడుకునేవారున్నారనీ, అందుకే అధికారులు కాగితాలు గట్టిగా అడుగుతారనీ నాకు తెలుసు. నిబంధన ఎత్తివేయమని నేను కోరడం లేదు. జాబితా తీసుకునే చోటును మార్చమని కోరుతున్నాను. 2019 నుంచి ఊరూరా సచివాలయాలు ఉన్నాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. 2025 జనవరిలోనే మన మిత్ర పేరిట వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. చిన్న సంఘాల వార్షిక జాబితాను సచివాలయంలో తీసుకుని, అక్కడి నోటీసు బోర్డు మీద 30 రోజులు ఉంచి, అభ్యంతరం రాకపోతే రిజిస్ట్రారు ధ్రువీకరణ పత్రం ఆన్‌లైన్‌లోనే ఇచ్చే ఏర్పాటు చేయించండి. మా సంఘానికి కోశాధికారి ఎవరో జిల్లా కేంద్రంలోని గుమాస్తాకు తెలిసే అవకాశం లేదు. సచివాలయానికి పింఛను పని మీద వచ్చే ప్రతి ముసలమ్మకూ తెలుసు. దొంగ పేరు రాసి ఆ బోర్డుకు అంటిస్తే సాయంత్రానికల్లా ఊరు నిలదీస్తుంది. నిజంగా వివాదం ఉన్నచోట జిల్లా కోర్టుకు వెళ్లే దారిని 2001 చట్టం 23వ సెక్షన్ ఇప్పటికే చూపింది.

గడిచిపోయిన ఏళ్ల జాబితాల సంగతి కూడా తేల్చవలసి ఉంది. చనిపోయినవారి సంతకాలు ఎవరూ తేలేరు. మాలాంటి సంఘాలకు ఒక్కసారి గడువిచ్చి, మినిట్స్ పుస్తకాన్నీ ప్రస్తుత సర్వసభ్య సమావేశ తీర్మానాన్నీ ఆధారంగా తీసుకుని పాత బకాయిని ముగించే ఉత్తర్వు ఇప్పించండి. రుసుము కట్టమంటే కడతాము. ఆ రుసుము సైతం మేము జేబుల్లోంచే వేసుకోవలసి ఉంటుందన్నది వేరే విషయం.

కంప్రెసర్ కూడా అలాగే, ఇంటికి ఇంత అని పోగుచేసి మార్పించాము. పెట్టె మళ్లీ పనిచేస్తున్నది, ఖాతా మాత్రం ఇంకా కదలలేదు. సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం మా వార్షిక సర్వసభ్య సమావేశం. ఆ రాత్రికి కొత్త పాలకవర్గం జాబితా సంతకాలతో సిద్ధమవుతుంది. మరునాడు దానిని పట్టుకుని మా ఊరి సచివాలయానికి వెళ్లాలో, నాలుగోసారి జిల్లా కేంద్రానికి బస్సెక్కాలో ఆలోగా తెలియజేయగలరని ప్రార్థిస్తూ,

భవదీయుడు,
ఒక గ్రామ పరస్పర సహాయ సంఘం కార్యదర్శి