విద్యార్థి యూనియన్ ఎన్నికల్లో కమ్యూనిటీ సెక్రటరీ పోస్టుకి నిలబడేవాళ్లు ఇది చదవండి

అందరికీ నమస్తే. పోస్టర్ల పని తర్వాత చూసుకోవచ్చు, ముందు యూనియన్ నియమావళి తెరవండి. ఈ పోస్టుకి సొంత బడ్జెట్ ఉందా, ఖర్చుకి ఎవరి సంతకం కావాలి, హాల్ బుకింగ్ ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ తెలియకుండా ఇచ్చే హామీలు గెలిచాక మెడకు చుట్టుకుంటాయి.

నామినేషన్‌కి అడిగినదానికంటే నాలుగైదు సంతకాలు ఎక్కువ పెట్టించండి (ఫారంలో చోటుంటే). సంతకం చేసినవాళ్ల పేరు ఓటర్ల జాబితాలో లేకపోతే అది లెక్కలోకి రాదు. చివరి గంట దాకా ఆగొద్దు.

మేనిఫెస్టోలో "అందరినీ కలుపుతాం" అని రాస్తే ఎవరూ చదవరు. రెండే పనులు రాయండి, కానీ రోజు, చోటు, ఖర్చుతో సహా. ఉదాహరణకి పదిహేను రోజులకోసారి మధ్యాహ్నం భోజనం వేళ, ఏ క్లబ్బులోనూ లేనివాళ్ల కోసం ఒక గంట. సాయంత్రం పెడితే ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు ఉండరు, హాస్టల్ వాళ్లే మిగులుతారు. చాలా కార్యక్రమాలు చప్పబడేది ఇక్కడే.

ప్రచారంలో మన బ్యాచ్ చుట్టూనే తిరగడం శుద్ధ దండగ, వాళ్లెలాగూ వేస్తారు. మొదటి సంవత్సరం క్లాసులు, ల్యాబుల్లోనే గడిపే పరిశోధక విద్యార్థులు, వేరే రాష్ట్రాలవాళ్లు: వీళ్ల దగ్గరికి వెళ్లండి. లెక్చరర్‌ని ముందే అడిగి, రెండు నిమిషాల్లో ముగించండి. "కొత్తగా వచ్చినప్పుడు ఏం ఇబ్బంది పడ్డారు?" అని అడిగి రాసుకోండి.

ప్రతి ఖర్చుకీ రసీదు దాచండి, ఫొటోకాపీలకి కూడా. ఓటింగ్ రోజు గ్రూపుల్లో సందేశాలు పెట్టేముందు ఆ రోజు ప్రచారానికి అనుమతి ఉందో లేదో ఎన్నికల అధికారిని అడగండి.