షెడ్డు వెనక ఆయిల్ కారింది, మీ ట్యాంకులూ చూసుకోండి

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ పొద్దున మా షెడ్డు వెనక స్టాండు మీదున్న ఇంజన్ ఆయిల్ ట్యాంకు వాల్వు దగ్గర కారి, సుమారు 40 లీటర్లు నేలపాలైంది. వాల్వు కట్టేసి, వెంటనే కాలువ వైపు ఇసుక బస్తాలు అడ్డం వేశాం. అదే అసలు పని. కాలువలోకి దిగితే ఇక మన చేతుల్లో ఉండదు.

మా కుర్రాడు కంగారులో నీళ్ల పైపు పట్టుకొచ్చాడు, ఆపాను. దయచేసి ఎవరూ నీళ్లు కొట్టొద్దు. సర్ఫ్ వేసి కడిగినా ఆయిల్ మాయమవదు, నీళ్లలో కలిసి ఇంకా దూరం పోతుంది. మడుగు కట్టినదాన్ని చేటతో డబ్బాలోకి ఎత్తాం. మిగతాదాని మీద రంపపు పొట్టు మందంగా చల్లి, గంట ఆగి ఊడ్చాం, మళ్లీ చల్లాం. మట్టి నల్లబడినంత లోతూ తవ్వి తీశాం.

ఆ పొట్టూ మట్టీ చెత్తబండికి ఇవ్వకండి, తగలబెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డ్రమ్ములో, వెల్డింగ్‌కి దూరంగా ఉంచి, ఇలాంటి వ్యర్థం తీసుకునే పర్మిట్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

ట్యాంకు కింద గట్టు కట్టిస్తున్నాను. ముందే కట్టించాల్సింది. రెండు బస్తాల పొట్టు మిగిలింది, కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.