వీధి బండిని కాదు, పేరులేని సీసాను చూసి భయపడండి

సంపాదకులకు నమస్కారం.

బ్యాగు భుజాన వేసుకుని ఆగ్నేయాసియా దేశాలు తిరిగి వచ్చే యువత గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. వీసాలు, హాస్టల్ పడకలు, రాత్రి బస్సులు అన్నిటి గురించీ ఓపికగా రాశారు. అయితే వీధి తిండి జోలికి పోవద్దని ఒక పేరా నిండా హెచ్చరించి, ఆ వెంటనే రాత్రిపూట బార్ల వెంట తిరగడం తప్పనిసరిగా పొందాల్సిన అనుభవమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ రెండు సలహాలూ తారుమారయ్యాయని నా గట్టి నమ్మకం.

నేను ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. స్నేహితులతో కలిసి వియత్నాం వెళ్లి, హనోయ్ పాత పేటలో అర్ధరాత్రి దాటేదాకా తింటూ, తాగుతూ తిరిగినదాన్ని కూడా. కాబట్టి ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూశాను.

ఆ రాత్రి మేము మొదట ఆగింది బాన్ కువోన్ చేసే ఒక పెద్దావిడ దగ్గర. మరిగే నీళ్ల కుండ మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. దాని మీద గరిటెడు పలుచని బియ్యప్పిండి పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పి, మూత పెట్టేది. కాసేపటికి మూత తీసి, సన్నని వెదురు బద్దను అంచు కిందికి పోనిచ్చి, పూతరేకంత పలుచగా ఉన్న ఆ పొరను ఎక్కడా చిరగకుండా లేపి పళ్లెం మీద పరిచేది. అందులో పంది ఖైమా, నల్ల పుట్టగొడుగుల ముక్కలు పెట్టి చుట్టి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి మా చేతికి ఇచ్చేది. ఆవిరి మీద ఉడికిన ఆ పొర మా నోట్లోకి చేరేసరికి ఇంకా కాలుతూనే ఉంది. ముందే వండి పెట్టుకున్నది ఖైమా ఒక్కటే. దాని గిన్నె కూడా సన్నని సెగ మీదే ఉందని చూసుకున్నాకే కూర్చున్నాను. వండిన పదార్థం అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. వీధి బండి దగ్గర ఆ సంగతిని మన కళ్లతో మనమే చూసుకోవచ్చు. తలుపుల వెనక వంటగది ఉన్న పెద్ద హోటల్లో ఆ వీలు లేదు.

బండి తిండి అంతా మంచిదని నేను అనను. కడుపు నాజూకైనవారు పచ్చి ఆకులు పక్కన పెట్టవచ్చు. ఎప్పుడు వండారో తెలియకుండా చల్లారిపోయినదాన్ని ఎవరూ తినకూడదు. అయినా అక్కడ తేడా చేస్తే ఆరోగ్యవంతుడైన కుర్రవాడు చాలాసార్లు ఓఆర్‌ఎస్ తాగుతూ ఒకటి రెండు రోజుల్లో లేచి కూర్చుంటాడు.

అక్కడి నుంచి తా హియెన్ వీధికి నడిచాం. అద్దె స్కూటర్లను హాస్టల్ దగ్గరే వదిలేశాం. 2020 జనవరి 1 నుంచి వియత్నాంలో ఒక్క గుక్క తాగి బండి నడిపినా నేరమే. ఆ చట్టం నాకు ఎంతో నచ్చింది. మోకాలి ఎత్తు కూడా లేని ప్లాస్టిక్ పీటల మీద, పక్కవాళ్ల భుజాలు తగులుతుంటే కూర్చుని బియా హోయ్ తాగాం. నిల్వ ఉండేందుకు ఏమీ కలపని పీపా బీరు అది. ఆల్కహాల్ మూడు నాలుగు శాతం ఉంటుందేమో. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న మందపాటి గ్లాసుల్లో పోస్తారు, ఆ గాజులో చిన్న చిన్న బుడగలు చిక్కుకుని కనిపిస్తాయి. పరిచయం లేనివాళ్లు కూడా గ్లాసెత్తి 'మోత్, హాయ్, బా, జో' (ఒకటి, రెండు, మూడు, చీర్స్) అని అరుస్తూ మమ్మల్ని కలుపుకున్నారు. ఇంత ఆనందాన్ని వద్దనమని ఏ పిల్లలకూ నేను చెప్పలేను.

నా బాధ ఆ తరువాత వెళ్లిన బార్ గురించి. గుమ్మంలో ఒక కుర్రవాడు అమ్మాయిలకు మొదటి రెండు షాట్లు, అంటే చిన్న గ్లాసుల్లో పోసే ఘాటు మద్యం, ఉచితమని పిలిచాడు. లోపల చిన్న బకెట్లలో వోడ్కా, శీతల పానీయం, ఐసు కలిపి, నలుగురికీ నాలుగు స్ట్రాలు వేసి ఇస్తున్నారు. నేను కౌంటర్ చివర నిలబడి ఉన్నాను. అక్కడి పనివాడు కింద నుంచి లేబుల్ లేని అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసి, గరాటు పెట్టి, పేరున్న వోడ్కా సీసాలోకి వంపడం కనిపించింది. నిండిన సీసాను గుడ్డతో తుడిచి మళ్లీ అరలో పెట్టాడు. వెంటనే మావాళ్ల చేతుల్లోని గ్లాసులు కింద పెట్టించాను. "ఊరికే ఇస్తుంటే ఎందుకే వద్దంటావు, అందరూ తాగుతున్నారు కదా" అని నా స్నేహితురాలు కోప్పడింది. మా ముందే మూత తీసిన బీరు డబ్బాలు తలా ఒకటి తాగి బయటికి వచ్చేశాం.

ఆ డబ్బాలో మెథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉందని నేను ఆరోపించడం లేదు. అది ఉందో లేదో ఆ గదిలో తాగుతున్న ఒక్కరికైనా తెలిసే దారి లేదు. నా భయమంతా అదే. మెథనాల్‌కు రంగు లేదు. మామూలు మద్యంలో కలిస్తే వాసనతో గానీ రుచితో గానీ పోల్చుకోలేం. పరిశ్రమల్లో వాడే చవక ద్రవం కాబట్టి లాభం కోసం కలిపేవారు ఉంటారు, నాటుగా బట్టీ పెట్టేటప్పుడు సరిగా వేరుచేయక మిగిలిపోయేదీ ఉంటుంది. ముప్పై మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న షాటంత మెథనాల్, మనిషి ప్రాణం తీయగలదు. అంతకన్నా తక్కువే చూపు పోగొట్టగలదు.

కల్తీ సారా చావులంటే నిరుపేదల కష్టమనీ, విదేశీ విహారాలకు వెళ్లే మన పిల్లలకు సంబంధం లేదనీ చాలామంది అనుకుంటారు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్ అనే ఊళ్లో మెథనాల్ కలిసిన మద్యం తాగారని భావిస్తున్న ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. వారిలో ఇద్దరు పంతొమ్మిదేళ్ల ఆస్ట్రేలియా అమ్మాయిలు, ప్రాణ స్నేహితులు. బ్యాగులు తగిలించుకుని తిరిగే కుర్రకారంతా ఆగే ఊరది. ఆ తరువాత బ్రిటన్ ప్రభుత్వం తన ప్రయాణ సూచనల్లో మెథనాల్ హెచ్చరికను 2025లో మరిన్ని దేశాలకు విస్తరించింది. మన యాత్రా పేజీల్లో ఆ మాటే కనిపించదు.

నా ఉద్యోగంలో చూసినది ఒకటి చెప్పాలి. తాగిన మర్నాటి సాయంత్రం వరకు 'నిద్రపోతే తగ్గుతుంది' అని గదిలోనే ఉంచి, ఆపైన ఒక అబ్బాయిని మా యూనిట్‌కు తీసుకొచ్చారు. పైన ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. "అక్కా, లైటు వేయండి" అని రెండుసార్లు అడిగాడు. ప్రాణం దక్కింది, చూపు రాలేదు. అతడితో తాగినవాళ్లు మంచివాళ్లే, రాత్రంతా పక్కనే కూర్చున్నారు. ఏం గమనించాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఈ కింది మాటలను మీ యాత్రా పేజీలో వీసా వివరాల పక్కనే ఎప్పుడూ ఉండేలా అచ్చువేయమని వేడుకుంటున్నాను.

మెథనాల్ తాగిన వెంటనే మామూలు మత్తులాగే ఉంటుంది. దాన్ని కాలేయం మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అసలు విషం అది. కంటి నరం మీద దెబ్బ కొట్టేది అదే. అందువల్ల లక్షణాలు తరచుగా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తరువాత బయటపడతాయి. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి వస్తాయి కాబట్టి హ్యాంగోవర్ అని పొరబడతారు. మత్తు దిగిపోవలసిన వేళకు మనిషి ఇంకా దిగజారుతున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టుందన్నా, వెలుగు చూడలేకపోతున్నా ఒక్క క్షణం ఆగకూడదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లి 'మెథనాల్ కావచ్చు' అని ఆ మాటతోనే చెప్పాలి. విరుగుడు మందు ఫోమెపిజోల్ ఉంది. అది దొరకనిచోట వైద్యులు మామూలు మద్యంలో ఉండే ఆల్కహాల్ అయిన ఇథనాల్‌ను కొలత ప్రకారం ఇస్తారు, ఎందుకంటే ఇథనాల్ ఉన్నంతసేపు కాలేయం మెథనాల్ జోలికి పోదు. దీన్ని చదివి ఎవరూ సొంత వైద్యంగా మళ్లీ మద్యం తాగకూడదు, తాగించకూడదు. రక్తంలోని విషాన్ని డయాలసిస్‌తో తీసేయవచ్చు. ఎన్ని గంటలు ముందుగా తెస్తే అంత చూపు మిగులుతుంది. ఒకే సీసాలోంచి తాగినవాళ్లు బాగానే ఉన్నా వెంట రావాలి. వాళ్ల గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తూ ఉండవచ్చు.

ఇక బార్‌లో పాటించవలసినవి కష్టమైనవేమీ కావు. మన ఎదుట మూత తీసిన బీరు సీసా, బీరు డబ్బా చాలు. ఉచిత షాట్లు, బకెట్లు, ముందే కలిపి పెట్టిన పానీయాలు, సీలు లేని సీసాలోని స్పిరిట్లు వద్దు. స్నేహితులు పిరికివాడని ఏడిపిస్తే ఏడిపించనివ్వాలి. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. విమానం ఎక్కే పిల్లవాడికి 'బయట తిండి తినకు' అని చెప్పే ఆ ఒక్క నిమిషంలో సీసా సంగతి చెప్పండి. తాగుతావా అని నిలదీస్తూ అడిగితే లేదనే అంటాడు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తాగినా తాగకపోయినా పక్కవాడి కోసం తెలిసి ఉండాలని చెబితే వింటాడు.

స్థలం చాలకపోతే నా హనోయ్ కబుర్లన్నీ తీసేయండి. లక్షణాల పేరాను మాత్రం ఒక్క వాక్యం కూడా తగ్గించకుండా వేయమని ప్రార్థన.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక డయాలసిస్ టెక్నీషియన్