పడవ తాత దగ్గర నాలుగేళ్లుగా చిల్లర లేదు

మొన్న శుక్రవారం నా బీటెక్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. సివిల్ ఇంజనీరింగ్, 160 క్రెడిట్లు, ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. ఇందులో ఎవరెవరి చెయ్యి ఉందో రాద్దామని కూర్చున్నాను. ముందు అందర్నీ అడిగాను, పేర్లు పెట్టనా అని. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. లెక్కల మాస్టారైతే "పేరు రాశావంటే మళ్లీ మా అరుగెక్కొద్దు" అన్నారు. అందుకని పేర్లు లేకుండానే రాస్తున్నాను. మా ఊరివాళ్లకి ఎవరెవరో ఎలాగూ తెలిసిపోతుంది, దానికి నేనేం చెయ్యలేను.

మాది పి.గన్నవరం వైపు ఒక లంక. చుట్టూ గోదారే. ఎండాకాలం పాయకి అడ్డంగా మట్టిగట్టు వేస్తారు, దాని మీద ఆటోలు, బళ్లు తిరుగుతాయి. జూలైలో ఎర్రనీరు తగిలిందంటే గట్టు తెగిపోతుంది. ఇక మళ్లీ గట్టు వేసేదాకా పాలకేనైనా, పురిటి నొప్పులకైనా, కాలేజీకైనా పడవే.

నా పడవ ఉదయం ఆరూ నలభైది. అది తప్పితే అవతల బస్సు తప్పుతుంది, బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోతుంది. మాకు హాజరు 75 శాతం ఉండాలి. దానికి తగ్గితే కండోనేషన్ (హాజరు తక్కువైనందుకు ఫీజు) కట్టాలి, 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఈ లెక్కలు మా పడవ తాతకి నాకంటే బాగా తెలుసు. నేను రేవు దిగేలోపు పడవ నిండిపోయినా కదిలేవాడు కాదు. "ఇంజనీరమ్మ రాలేదెహె, ఆగండి" అని కూరగాయల గంపలవాళ్లని కూడా ఆపేవాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

పడవ ఛార్జీ పది రూపాయలు. మొదటిరోజు యాభై కాగితం ఇస్తే "చిల్లర లేదమ్మా, రేపిద్దువుగాని" అన్నాడు. మర్నాడు ఇరవై ఇచ్చినా అదే మాట. నెల రోజులు నిజమేననుకున్నాను. ఒకరోజు నా వెనకాయనకి పౌడరు డబ్బాలోంచి చిల్లర లెక్కపెట్టి ఇస్తుంటే చూశాను. డబ్బా నిండుగా ఉంది. ఈయన మామూలు మనిషి అనుకోకండి, కొబ్బరి బస్తాకి రెండు రూపాయలు తక్కువిస్తే అవతలి ఒడ్డుదాకా గొడవపడే రకం.

2022 జూలై వరద ఇక్కడ ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది అది కూడా దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు కిందికి వచ్చాయి. 1986 వరద చూసిన మా నానమ్మ మాత్రం "ఇదేం వరదే" అంటూనే బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించమంది. మా ఇంట్లో నడుముదాకా నీళ్లొచ్చాయి. నా ఫస్టియర్ నోట్సు నీళ్లలో ఉబ్బి రొట్టెల్లా అయిపోయింది. క్లాస్‌మేట్ ఒకమ్మాయి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి మూడు వారాలు ఉంచుకుంది. తన నోట్సు ఐదు సబ్జెక్టులవీ బజార్లో జిరాక్సు తీయించి పెట్టింది. ఆ జిరాక్సు కొట్టాయన మొత్తం ఖాతాలో రాసుకున్నాడు. ఆ ఖాతా ఫైనలియర్ ప్రాజెక్టు బుక్కు బైండింగు దాకా సాగింది. మొన్న తీర్చడానికి వెళ్తే పాత పుస్తకం చెదలు తినేసిందన్నాడు. కొట్టు సిమెంటుది, బీరువా ఇనపది, చెదలు ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకే తెలియాలి.

ఇక లెక్కల సంగతి. పదో తరగతిదాకా నాది తెలుగు మీడియం. ఇంటర్‌లో ఎలాగో గట్టెక్కాను గానీ సెకండియర్‌లో ఎం-త్రీ, అంటే మూడో లెక్కల పేపరు దగ్గర కూలబడ్డాను. వెక్టర్ కాలిక్యులస్. రిజల్ట్సులో ఎఫ్ చూసి రెండు రోజులు అన్నం తినలేదు. అమ్మకి చెప్పలేదు. అమ్మే పసిగట్టి, రేవు అవతల ఊళ్లో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన హైస్కూల్లో చెప్పినవారు, బీటెక్ లెక్కలు చెప్పనంటారేమోనని నాకు అనుమానం. ఆయన పుస్తకం తీసుకుని "వారం ఆగి రా, నేను చదువుకోవాలి" అన్నారు. డెబ్బై ఏళ్లాయన నాకోసం సిలబస్ చదువుకున్నారు.

వారం తర్వాత వెళ్తే పుస్తకం తెరవలేదు. రెండు కొబ్బరి డొక్కు ముక్కలు చేతికిచ్చి కాలవగట్టు మీదికి నడిపించారు. ఒకటి నడిమధ్యలోకి విసరమన్నారు. అది తిన్నగా కొట్టుకుపోయింది. రెండోది ఒడ్డు పక్కన వెయ్యమన్నారు. అది వెళ్తూ వెళ్తూ తనచుట్టూ తాను తిరగడం మొదలెట్టింది. "ఎందుకు తిరుగుతోంది?" అన్నారు. ఒడ్డు వైపు నీళ్లు నెమ్మది, లోపలి వైపు జోరు, రెండు పక్కలా ఒకేలా తోయట్లేదు కాబట్టి అన్నాను. "అదేనమ్మాయ్ కర్ల్. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే, వాళ్లు దానికో గుర్తు పెట్టారు" అన్నారు. గట్టు మీదే కూలబడి నవ్వేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఆదివారాలు ఆ అరుగు మీదే. మామ్మగారు మధ్యలో వచ్చి "లెక్కలు ఎక్కడికీ పోవు, ముందు తిను" అని పళ్లెం పెట్టేసేవారు. సప్లీలో పాసయ్యాను. ఫీజు సంగతి ఎత్తితే మాస్టారు చెవికి మిషను లేదన్నట్టు చూసేవారు. నిజానికి మిషను పెట్టుకునే ఉంటారు.

మా నాన్నది కొబ్బరి దింపు. తెలియనివాళ్లకి చెప్తున్నాను, చెట్టెక్కి కాయ దింపడం. కింద ఒలిచేవాళ్లు వేరు, మోసేవాళ్లు వేరు. జట్టుగా తిరుగుతారు, వచ్చిన కూలి సాయంత్రం పంచుకుంటారు. 2023 డిసెంబరు మొదటివారంలో మిగ్‌జాం తుపాను వెళ్లింది. తర్వాత నాలుగు రోజులకి, ఇంకా నానే ఉన్న చెట్టెక్కి నాన్న జారిపోయాడు. తుంటి ఎముక, ఎడమచెయ్యి విరిగాయి. అప్పుడు నాది థర్డియర్ ఫస్ట్ సెమ్. చదువు మానేసి అమలాపురంలో బట్టల షాపులో చేరిపోదామని ఎవరికీ చెప్పకుండా వెళ్లి మాట్లాడుకుని కూడా వచ్చాను. నెలకి తొమ్మిది వేలు అన్నారు.

ఆ ఆదివారం సాయంత్రం జట్టు మేస్త్రి మా ఇంటికొచ్చాడు. తువ్వాలు కొసన ముడి విప్పి, డబ్బులు నాన్న మంచం మీద పెట్టాడు. 1,850 రూపాయలు. పదులూ ఇరవైలూ యాభైలూ, చెమటకి మెత్తబడిన నోట్లు. నాన్న "అప్పుగా వద్దురా" అన్నాడు. మేస్త్రి "అప్పేంటి? నీ వాటా. ఏడుగురిలో నీ పేరు కొట్టెయ్యలేదు కదా" అన్నాడు. అంటే ఆరుగురు పనిచేసి ఏడు వాటాలు వేశారు. ఒక్కవారం కాదు, నాన్న లేచి కర్ర పట్టుకుని నడిచేదాకా, ఐదు నెలలు. వాళ్ల పిల్లలూ చదువుకుంటున్నారు, వాళ్ల ఇళ్లూ మా ఇల్లులాంటివే. కాయ ధర పడిపోయి రైతులు దింపు వాయిదా వేసిన వారాల్లో వాటా ఆరొందలో ఏడొందలో వచ్చేది. ఆ వారం కూడా మేస్త్రి వచ్చి తువ్వాలు విప్పాడు, "ఈవారం ఇంతే బావా" అని క్షమాపణ చెప్పినట్టు చెప్పాడు. నేను ఆ బట్టల షాపుకి వెళ్లలేదు. వెళ్దామనుకున్న సంగతి జట్టువాళ్లకి ఇది చదివితేనే తెలుస్తుంది.

గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేసే అక్క గురించి కూడా చెప్పాలి. ఆధార్‌లో నాన్న ఇంటిపేరు ఒకలా, నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటంతో ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్లికేషన్ రెండుసార్లు వెనక్కొచ్చింది. ఒక్క "ళ" అక్షరం తేడా. అక్క తన స్కూటీ మీద అమ్మని మండలాఫీసుకి, మీసేవకి, బ్యాంకుకి ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. ఒకసారి వేలిముద్ర పడక (ఒలుపు పనిలో అమ్మ వేళ్లు అరిగిపోయాయి) వెళ్లినపని కాకుండా తిరిగొచ్చారు. అక్క దారిలో అమ్మకి చెరుకురసం తాగించి, మర్నాడు కంటిపాప చూసే ఐరిస్ మిషనున్న చోటికి తీసుకెళ్లింది. సాయం అంటే డబ్బని మనం అనుకుంటాం గానీ, కాగితం పట్టుకుని మనతో కౌంటరు దగ్గర నిలబడే మనిషి దొరకడం కూడా చిన్న విషయం కాదు.

చివర్లో జరిగింది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. కోర్సు అయ్యాక మా కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. 38 వేలు బకాయి ఉందంట, అది కడితేగాని పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), టీసీ ఏవీ ఇవ్వమన్నారు. ఒరిజినల్స్ ఆపకూడదని పైనుంచి ఎన్ని ఆదేశాలున్నా కౌంటరు దగ్గర పనిచెయ్యవు. కాలేజీ పేరు రాయను. నాకు పాఠాలు చెప్పినవాళ్లు, సెలవురోజున కూడా ల్యాబు తాళం తీసి టోటల్ స్టేషన్ (సర్వే మిషను) చేతికిచ్చిన అటెండరు బాబాయి కూడా అక్కడివాళ్లే. చేతికొచ్చిన ఉద్యోగం ఒరిజినల్స్ చూపించమంటోంది, పది రోజులే గడువు. ఆ టెన్షన్‌లో మా పిన్నికి వాయిస్ మెసేజ్ పెట్టాను. పిన్ని మస్కట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. మా వైపు ఇంటికో పిన్ని గల్ఫ్‌లో ఉంటుంది, అది మీకు తెలిసిందే. రాత్రి పదకొండున్నరకి, అక్కడ పని ముగిశాక, జవాబొచ్చింది. "నేను సెప్టెంబర్లో వద్దామనుకున్నాను, టికెట్‌కి దాచినవి ఉన్నాయి. పంపిస్తున్నా. సంక్రాంతికి వస్తాలే." 25 వేలు పంపింది. మిగతాది పదో తరగతి నాటి మా బ్యాచ్‌వాళ్లు రెండు రోజుల్లో పోగుచేశారు. అందులో ఇద్దరు చేపల చెరువుల మీద మేతకొట్టే పనికి వెళ్తారు. పిన్ని తన కూతుర్ని చూసి మూడేళ్లయింది. ఇంకో నాలుగు నెలలు ఆగడానికి ఆవిడ ఒప్పుకుంది, ఆ పిల్లని ఎవరూ అడగలేదు. ఏడో తరగతి చదువుతోంది. ఈ పోస్టులో అందరికంటే ముందు ఆ పిల్లకే చెప్పాలేమో. బుజ్జీ, నీ సెప్టెంబరు నేను వాడేసుకున్నాను.

థర్డియర్‌లో మమ్మల్ని ధవళేశ్వరం తీసుకెళ్లారు. నాలుగు ముక్కలుగా ఉన్న బ్యారేజీ, 175 గేట్లు, మ్యూజియం అన్నీ చూపించారు. తిరిగొచ్చి చెప్తే మాస్టారు వీణం వీరన్న గురించి చెప్పారా అని అడిగారు. 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కడుతున్నప్పుడు కాటన్ దొర పక్కన ఉండి వేలమంది కూలీల పని చూసుకున్నది ఆయనే. కాటన్ విగ్రహం మా డెల్టాలో ఊరికొకటి ఉంటుంది. వీరన్న పేరు సివిల్ చదివే నాకే అప్పటిదాకా తెలియదు. నానమ్మ అక్కడే ఉండి "మన గన్నవరం అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టలేదేంటి, అన్నం పెట్టినావిడకి" అంది. నిజమే, గోదారి వైనతేయ పాయ మీదుగా అవతలి లంకలకి నీళ్లు మోసే కట్టడానికి ఆవిడ పేరే. పేర్లు వద్దన్న మా వాళ్లకి ఈ సంగతి చెప్పి చూశాను. మేస్త్రి "ఆవిడ చేసినదెక్కడ, మనమెక్కడ, ఊరుకో" అన్నాడు.

నిన్న ఆదివారం ఇంట్లో చిన్న భోజనాలు పెట్టుకున్నాం. అమ్మ తెల్లారగట్లే లేచి పనసాకులు కుట్టి పొట్టిక్కలు వేసింది, మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర. జట్టు ఆరుగురూ వచ్చారు. సర్టిఫికెట్‌ని చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని మరీ పట్టుకున్నారు. మేస్త్రి అటూఇటూ తిప్పి "నాలుగేళ్లకి ఇంత పల్చటి కాగితమా" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు గానీ, కర్ర పక్కన పెట్టి అందరికీ తనే వడ్డించాడు.

వచ్చే సోమవారం రాజమండ్రి వైపు ఒక సైటులో ట్రైనీగా చేరుతున్నాను. జీతం పదహారు వేల ఐదొందలు. మొదటి మూడు నెలలు పిన్ని టికెట్‌కే. ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరే లంక పిల్లలెవరైనా ఉంటే, నా ఎం-వన్ నుంచి ఎం-త్రీ దాకా నోట్సు జిరాక్సు కొట్టులో పెట్టాను, అడిగి తీసుకోండి. ఫీజు కాగితాల్లో పేర్లు, ఇంటిపేర్లు తేడాలుంటే ఇప్పుడే చూసుకోండి, ఆఖరి తేదీదాకా ఆగొద్దు. ఆదివారాలు నేను ఊళ్లోనే ఉంటాను, మధ్యాహ్నం మూడు తర్వాత మా ఇంటికి రండి. కాలవగట్టు మీదికి డొక్కు ముక్కలు నేనే తెస్తాను.

ఇవాళ పొద్దున్న కావాలనే ఆరూ నలభై పడవెక్కాను. ఈసారి చిల్లర లేదనడానికి వీల్లేకుండా సరిగ్గా పది రూపాయల బిళ్ల పట్టుకెళ్లాను. తాత దాన్ని అటూఇటూ తిప్పి, ఎండకి ఎత్తి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"పది రూపాయల బిళ్ల ఇక్కడ చెల్లదమ్మా."