సికిల్ సెల్ పరీక్ష, మన నీతి

సంపాదకుడు గారికి,

సైన్స్ వచ్చాక పాపభయం పోయింది, దాంతో నీతీ పోయింది అని వాదించేవారు మా సిరొంచ, అహేరి వైపు సికిల్ సెల్ పరీక్షలు జరిగేచోట ఒక పూట నిలబడి చూడాలి. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు.

బిడ్డకు కీళ్లనొప్పులు, కామెర్లు విడవకపోతే కోడలి జాతకమనో, ఎవరో చేతబడి చేశారనో అంటారు. నిజానికి సికిల్ సెల్ జబ్బు రావాలంటే చెడు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి రావాలి. ఇద్దరూ వాహకులైతే, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో చెడు జన్యువే ఉంటే (మా దగ్గర 'ఏఎస్' అంటారు), ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదులే అనుకోవద్దు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికే. ఒక్క తల్లినే నిందించడం ఎంత అన్యాయమో ఈ లెక్కే చెబుతోంది. ఇది నీతిని చెరిపేదెలా అవుతుంది?

చెరుపు జరుగుతున్నది వేరేచోట. శిబిరంలో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. 2 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 5 నిమిషాలాగి, గీతల కాగితం ముందు పట్టి చూస్తారు. గీతలు కనబడకపోతే హిమోగ్లోబిన్ ఎస్ (ఆ చెడు జన్యువు వల్ల తయారయ్యే హిమోగ్లోబిన్) ఉన్నట్టు. ఆ మనిషి వాహకుడా, రోగా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. అది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్‌లోనో హెచ్‌పీఎల్‌సీలోనో తేలాలి. ఆరు నెలల లోపు పసివాళ్లలో, రక్తం బాగా తగ్గినవారిలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలో ఉన్న ఎస్ కూడా బయటపడకపోవచ్చు. ద్రావణం పాతదైనా అంతే. అందుకే ఎస్ ఉందని తెలిసిన నమూనా ఒకటి, లేదని తెలిసినది ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టి చూడాలి. ఇవేవీ లేకుండా, నలుగురిలో ఒక ఆడపిల్ల పేరు పిలిచి 'నీకు సికిల్ ఉంది' అని చెప్పేస్తే ఆ ఆడపిల్ల సంబంధం అక్కడే తప్పిపోతుంది. ఆమె వాహకురాలే అయితే మామూలుగా ఆరోగ్యంగానే ఉంటుంది. వరుడిలో సికిల్ జన్యువు గానీ, బీటా తలసేమియా లాంటి వేరే హిమోగ్లోబిన్ లోపాల జన్యువు గానీ లేకపోతే వారి పిల్లలకు ఈ జబ్బు రాదు. వరుడికి పరీక్ష చేయించారా అని మాత్రం ఎవరూ అడగరు!

అమెరికాలో 1970ల మొదట్లో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివారికి ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. ఆరోగ్యంగా ఉన్న వాహకులు ఉద్యోగాల్లో, బీమాలో వివక్షకు గురయ్యారు. 1972లో వచ్చిన కేంద్ర చట్టం పరీక్ష స్వచ్ఛందంగా ఉండాలంది. రక్తం గురించి సైన్స్ చెప్పినదాంట్లో తప్పు లేదు. మనిషిని అడగకుండా, ఫలితం గుట్టుగా ఉంచకుండా వాడినవారిదే తప్పు.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్ష చేయాలనుకుంది. మా జిల్లాలో ఆ పని చేసేవారు ముందు ఒప్పుదల అడగాలి. నిర్ధారణ పరీక్ష అయ్యేదాకా సికిల్ ఫలితం రాసిన కార్డు ఇవ్వకూడదు. ఫలితాన్ని మూసిన కవరులో ఇచ్చి, తెలుగులో, గోండీలో విడమరిచి చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. పెళ్లికి ముందు వధువుతోపాటు వరుడి కార్డూ చూసేలా పెద్దలకు చెప్పాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, సిరొంచ, గడ్చిరోలి జిల్లా